జింకల్ని లెక్కపెట్టడం వేరు, వేటగాళ్ళని అడగడం వేరు

2005 ఏప్రిల్‌లో అమెరికాలోని విస్కాన్సిన్ వాళ్ళు పిల్లుల మీద ఓటేశారు. మెడకి పట్టీ లేకుండా, ఎవరి పెంపకంలోనూ లేకుండా తిరిగే పిల్లుల్ని చట్టరక్షణ లేని జంతువుల జాబితాలో చేర్చాలా అన్నది ప్రశ్న. సూటిగా చెప్పాలంటే కనిపిస్తే కాల్చొచ్చా అని. పక్షుల్ని తినేస్తున్నాయి కాబట్టి చేర్చాల్సిందే అని 6,830 మంది, వద్దని 5,201 మంది. దేశమంతా గగ్గోలు లేచింది. చివరికి గవర్నర్ జిమ్ డోయల్ ఇది చట్టమయ్యే ప్రసక్తే లేదని తేల్చేశారు, అక్కడితో సరి.

చట్టం చేసేది లేనప్పుడు ఓటెందుకు వేయించినట్టు? ఎందుకంటే ఆ ఓటు పిల్లుల కోసం పుట్టింది కాదు, అసలు సరుకు జింకలు. విస్కాన్సిన్‌లో కన్జర్వేషన్ కాంగ్రెస్ అని ఒక సంస్థ 1934 నుంచీ నడుస్తోంది. 72 కౌంటీలు, అంటే మన జిల్లాల లాంటివి, కౌంటీకి ఐదుగురు చొప్పున 360 మంది ప్రతినిధులు. ఏటా ఏప్రిల్ రెండో సోమవారం సాయంత్రం అన్ని కౌంటీల్లో ఒకేసారి సభ పెట్టి, వచ్చినవాళ్ళ చేతికి ప్రశ్నల కాగితం ఇచ్చేవాళ్ళు. ఫలానా కౌంటీలో ఆడ జింకల పర్మిట్లు తగ్గించాలా, సీజన్ పెంచాలా, ఫలానా చెరువులో చేపల పరిమితి మార్చాలా, ఇలాంటివి. అవును, కాదు, అంతే. 2020లో కోవిడ్ దెబ్బకి మొత్తం ఆన్‌లైన్‌కి మారింది, ఓటేసేవాళ్ళు ఒక్కసారిగా కొన్ని రెట్లు పెరిగారు. ఫలితం ఏమైనా అది సలహా మాత్రమే. రూలు రాసేది రాష్ట్ర సహజ వనరుల శాఖ, అక్కడందరూ డీఎన్‌ఆర్ అనే శాఖ. దాని పైన ఒక బోర్డు, ఆ పైన శాసనసభ.

ఈ ఏర్పాటు చూసి చాలామంది రెండు రకాలుగా మాట్లాడతారు. వేటగాళ్ళ ఓటుతో అడవిని నడపడమేంటి, సైన్స్ ఏమైపోయింది అని ఒక వైపు. ఏడాదికి నాలుగు రోజులు అడవిలోకొచ్చే ఆఫీసర్ కంటే ముప్ఫై ఏళ్ళుగా ఆ చెట్టు కిందే కూర్చుంటున్నవాడికి తెలియదా అని ఇంకో వైపు. నా లెక్కలో రెండు వాదాలూ ఒకే చోట తప్పుతున్నాయి. జింకలు ఎన్ని ఉన్నాయి అన్న ప్రశ్నకి వేటగాళ్ళ సర్వే దగ్గర జవాబు ఉండదు. వేటగాళ్ళు ఏ రూలుకి ఒప్పుకుంటారు అన్న ప్రశ్నకి జీవశాస్త్రం దగ్గర జవాబు ఉండదు. గొడవలన్నీ ఒకదాని జవాబు తెచ్చి ఇంకోదాని ఖాళీలో రాయడం వల్ల వచ్చినవే.

ముందు జింకల సంగతి. 1900 ప్రాంతానికి అమెరికా మొత్తంలో తెల్లతోక జింకలు ఐదు లక్షలకి పడిపోయాయని అంచనా. మాంసానికీ తోలుకీ మార్కెట్ ఉండేది, ఎవడెంత కొడితే అంత. తర్వాత అమ్మకాలు ఆపారు, సీజన్లు పెట్టారు, లైసెన్సులొచ్చాయి, 1937లో తుపాకులూ తూటాల మీద పన్ను డబ్బుని రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకి ఇచ్చే చట్టం కూడా వచ్చింది. తోడేళ్ళని దాదాపు లేకుండా చేశారు, అడవులు నరికిన చోట లేత చిగుళ్ళు, పక్కనే మొక్కజొన్న చేలు. ఇంకేం, ఇప్పుడు దేశంలో మూడు కోట్ల దాకా ఉన్నాయంటారు. ఒక్క విస్కాన్సిన్‌లోనే 15 లక్షలకి పైగా అంచనా. అడవి మొక్కలు, పంటలు, రోడ్డు మీద కార్లు, అన్నిటికీ వీటితోనే తంటా. చికాగో, మిల్వాకీ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్ళని నవంబరు రాత్రుల డ్రైవింగ్ గురించి అడగండి, అది జింకలు జతకట్టే కాలం, రోడ్డుకి అడ్డంగా ఎప్పుడు దూకుతాయో తెలియదు.

మందని అదుపులో పెట్టాలంటే సూత్రం చాలా చిన్నది: ఆడ జింకల్ని కొట్టాలి. మగవాటిని ఎన్ని కొట్టినా మిగిలిన కొన్ని మగవి చాలు, వచ్చే వేసవికి పిల్లలు ఎప్పటిలాగే పుడతాయి. అందుకే కొమ్ములు లేని జింకకి వేరే పర్మిట్, దాని సంఖ్యే ప్రభుత్వం చేతిలో ఉన్న అసలు మీట. చిక్కేమిటంటే జింకలు కరువైన రోజుల్లో ఇదే ప్రభుత్వం ఆడ జింక మీద చెయ్యి వేస్తే నేరం అని ఒక తరం మొత్తానికి నూరిపోసింది. తండ్రి కొడుక్కి చెప్పాడు, కొడుకు మనవడికి చెప్పాడు. ఇప్పుడు అదే శాఖ వచ్చి ఆడవాటినే కొట్టండి బాబూ అంటే నమ్మేదెవరు?

ఈ గోడకి మొదట తల కొట్టుకున్నది ఆల్డో లియోపోల్డ్. విస్కాన్సిన్ యూనివర్సిటీలో వన్యప్రాణి నిర్వహణ ప్రొఫెసర్, 1943లో రాష్ట్ర కన్జర్వేషన్ కమిషన్ సభ్యుడు కూడా అయ్యారు. అప్పటికి ఉత్తర విస్కాన్సిన్‌లో మందలు విపరీతంగా పెరిగి, మంచు కాలంలో ఒకేచోట గుమిగూడి ఆకలికి చస్తున్నాయి. ఆ అడవి చూస్తే విషయం అర్థమైపోయేది. జింక మెడ చాచితే ఎంత ఎత్తు అందుతుందో అక్కడిదాకా ఆకు లేదు, కొమ్మ లేదు, కత్తెర పెట్టి గీత గీసి కోసినట్టు. ఆ గీతకి పైన పచ్చగా ఉంటుంది, కింద పుల్లలు. చిన్న మొక్క ఆ గీత దాటి పెరిగే అవకాశమే లేదు, అంటే రేపటి చెట్టు ఇవాళే పోయినట్టు. లియోపోల్డ్ వాదన మీద ఆ ఏడు ఆడ జింకల వేటకి కూడా అనుమతి ఇచ్చారు. దాదాపు 1,28,000 జింకలు పడ్డాయి. జనం దానికి '43 నాటి ఘోరం' అని పేరు పెట్టారు, పత్రికల్లో ఆయన్ని దుమ్మెత్తిపోశారు, మరుసటి ఏడు సీజన్ మళ్ళీ మగ జింకలకే పరిమితమైంది. 1948లో చనిపోయేదాకా ఆయన చెబుతూనే ఉన్నారు, వాళ్ళు వినకుండానే ఉన్నారు. జింకల విషయంలో ఆయన చెప్పింది నిజమే. మనుషుల విషయంలో మాత్రం లెక్క తప్పింది.

యాభై ఏళ్ళ తర్వాత డీఎన్‌ఆర్ ఇంకో దారి పట్టింది. చెప్పి ఒప్పించడం అవ్వట్లేదు కాబట్టి రూలుతో కట్టేద్దాం అనుకున్నారు. 1996లో కొన్ని ప్రాంతాల్లో మొదలుపెట్టిన ఆ రూలు పేరు 'ఎర్న్ ఎ బక్'. ముందు ఒక ఆడ జింకని కొట్టి, రిజిస్ట్రేషన్ స్టేషన్‌కి తీసుకెళ్ళి చూపించి, స్టిక్కర్ తెచ్చుకో. ఆ తర్వాతే మగ జింక మీద తుపాకీ ఎత్తే హక్కు. ఇప్పుడు వేటగాడి వైపు నుంచి చూడండి. తొమ్మిది రోజుల సీజన్, అందులో సెలవు దొరికేది రెండు మూడు రోజులు. తెల్లవారకముందే చెట్టు మీద మంచె ఎక్కి చలికి బిగుసుకుపోయి కూర్చున్నాడు. మొదటి గంటలోనే పది కొమ్ముమొనల మగ జింక నడుచుకుంటూ ముందుకొచ్చి ఆగింది. జేబులో స్టిక్కర్ లేదు. ఏం చేస్తాడు? చూస్తూ కూర్చుంటాడు. ఆ కథని సాయంత్రం బార్‌లో చెబుతాడు, పక్క ఏడు చెబుతాడు, పదేళ్ళ తర్వాత కూడా ఎమ్మెల్యే స్థాయి మనిషి కనిపిస్తే అదే చెబుతాడు.

రూలు పని చేసింది, ఆడ జింకల సంఖ్య నిజంగానే తగ్గించగలిగారు. ఇది చెప్పాల్సిందే, ఎందుకంటే ఇది పనికిరాని రూలు అని తర్వాత ప్రచారం జరిగింది. పని చేసింది కాబట్టే కోపం వచ్చింది. ఆ కోపం సభల్లో, ఉత్తరాల్లో, ఎన్నికల్లో పేరుకుని పేరుకుని, 2011 నవంబరులో శాసనసభ చట్టం చేసి ఎర్న్ ఎ బక్‌ని రద్దు చేసింది, గవర్నర్ స్కాట్ వాకర్ సంతకం పెట్టారు. మళ్ళీ తేవాలన్నా డీఎన్‌ఆర్‌కి అధికారం లేకుండా పోయింది. వేటగాళ్ళ అభిప్రాయాన్ని పక్కనబెడితే ఎంత ఖర్చవుతుందో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు: ఒక సీజన్‌లో ఓడిపోవడం కాదు, చేతిలోని పనిముట్టే పోయింది.

ఎందుకంటే ఇక్కడ వేటగాడు మూడు వేషాల్లో ఉంటాడు. లైసెన్స్ ఫీజు కట్టి శాఖని పోషించేవాడు అతనే, ఓటరూ అతనే, అన్నిటికంటే ముఖ్యంగా పని చేసే చెయ్యీ అతనిదే. తుపాకీతో జింకల్ని వేటాడే లైసెన్సులు ఐదు లక్షలకి పైగా అమ్ముడయ్యే రాష్ట్రంలో ఆ మనుషులు ఆడ జింక మీద ట్రిగ్గర్ నొక్కకపోతే డీఎన్‌ఆర్ రాసిన కోటా గోడకి చెప్పుకున్నట్టే. పర్మిట్ ఇవ్వగలరు, కాల్పించలేరు. కాబట్టి సర్వే అంటే ప్రజాస్వామ్యం పేరుతో పెట్టిన అలంకారం కాదు, రూలు అమలవుతుందా లేదా అని ముందే తెలుసుకునే మార్గం.

మరి అడగడం ఎలా? ఇక్కడే చాలామంది జారిపోతారు. సభకి వచ్చి చెయ్యెత్తేవాళ్ళని లెక్కపెట్టడం సర్వే కాదు. సోమవారం రాత్రి పని మానుకుని వచ్చేవాడు బాగా కోపం వచ్చినవాడో, బాగా ఆశ ఉన్నవాడో అయి ఉంటాడు. మధ్యలో ఉన్నవాడు ఇంట్లో అన్నం తింటుంటాడు. ఆన్‌లైన్ ఓటుతో తలలు పెరుగుతాయి గానీ ఈ రోగం పోదు, లింకు ఎవరి గ్రూపుల్లో ఎక్కువ తిరిగితే వాళ్ళ మాటే ఎక్కువ వినబడుతుంది. నిజమైన సర్వే అంటే లైసెన్స్ కొన్నవాళ్ళ జాబితాలోంచి ఎవరినో ఎంచకుండా యాదృచ్ఛికంగా పేర్లు తీసి, వాళ్ళకి కాగితం పంపి, జవాబివ్వనివాళ్ళకి మళ్ళీ పంపి, అప్పటికీ ఇవ్వనివాళ్ళు ఇచ్చినవాళ్ళ లాంటివాళ్ళేనా అని సరిచూసుకోవడం. విసుగు పని, డబ్బు పని. కాని తేడా అక్కడే ఉంది.

పక్కనే ఉన్న మిషిగన్ దీన్ని ఒక పద్ధతిలో పెట్టింది. అక్కడ 1996లో జనమే ఓటేసి వేట రూల్సు మీద అధికారాన్ని సహజ వనరుల కమిషన్‌కి ఇచ్చారు, శాస్త్రీయ నిర్వహణ సూత్రాల ప్రకారం నిర్ణయించాలి అని షరతుతో. కొమ్ముల మొనల నిబంధన దగ్గర మాత్రం వేటగాళ్ళ మాటకి పెద్ద పీట వేశారు. ఆ నిబంధన అంటే, ఉదాహరణకి ఒక వైపు కొమ్ముకి కనీసం మూడు మొనలు లేని మగ జింకని కాల్చకూడదు. ఏడాదిన్నర వయసు వాటికి సాధారణంగా అన్ని ఉండవు కాబట్టి అవి బతికిపోయి, రెండు మూడేళ్ళకి పెద్ద కొమ్ములతో కనిపిస్తాయి. ఏదైనా ప్రాంతంలో ఇది తేవాలంటే ముందు ఒక సంఘం ప్రతిపాదించాలి, ఆ ప్రాంతంలో వేటాడేవాళ్ళని సర్వే చెయ్యాలి, 66 శాతం మంది ఒప్పుకోవాలి. సగం చాలదు. 60 శాతం వచ్చినా రూలు రాదు. 2013లో వాయవ్య మిషిగన్‌లో 12 కౌంటీలు ఈ గీత దాటాయి, రూలు వచ్చింది.

66 ఎందుకు? ఆ రూలు జింకల్ని కాపాడటానికి వచ్చింది కాదు కాబట్టి, అంతే. చిన్న మగ జింకని వదలడం మంద ఆరోగ్యానికి తప్పనిసరి అని చెప్పలేం, అది ఎక్కువగా వేటగాళ్ళ ముచ్చటకి సంబంధించింది. ఒకడికి గోడకి తగిలించే కొమ్ములు కావాలి, ఇంకొకడికి ఫ్రీజర్ నిండా మాంసం కావాలి. ముచ్చటకి సంబంధించిన రూలు పెట్టాలంటే ముచ్చట పడేవాళ్ళు గట్టిగానే ఉండాలి, లేదంటే 49 శాతం మంది ముక్కుతూ మూలుగుతూ తిరుగుతారు. ఇది నాకు చాలా నచ్చిన ఏర్పాటు, సర్వేకి ఏ ప్రశ్న అప్పగించాలో తెలిసినవాళ్ళు చేసిన పని.

ప్రశ్న ఎలా అడిగారన్నది ఇంకో పేచీ. 'మీ ప్రాంతంలో పెద్ద కొమ్ముల మగ జింకలు పెరగాలని ఉందా?' అని అడిగితే వద్దనే వేటగాడు ఉండడు. 'అందుకోసం ఈ శనివారం మీ ముందు నిలబడ్డ చిన్న మగ జింకని వదిలేస్తారా, ఈ ఏడు ఖాళీ చేతులతో ఇంటికెళ్ళడానికి సిద్ధమేనా?' అని అడగండి, అప్పుడు బయటపడుతుంది. 'జింకలు ఎక్కువ ఉన్నాయా తక్కువ ఉన్నాయా' అన్న ప్రశ్న మరీ మోసం. జవాబిచ్చేవాడు చెప్పేది తను కూర్చున్న నలభై ఎకరాల్లో తనకి కనిపించినవాటి గురించి. జింకలు పగలు కదలడం మానేసినా, పక్కవాడి పొలంలో మేత పెట్టినా, అతనికి మాత్రం జింకలు అయిపోయినట్టే. అతను అబద్ధం ఆడట్లేదు. అతన్ని అడగకూడనిది అడిగారు.

ఇంకో మెలిక ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. విస్కాన్సిన్‌లో మంద అంచనా చాలా ఏళ్ళుగా వేటలో పడిన జింకల వయసు, ఆడా మగా లెక్కల నుంచే కట్టారు. పెద్దయిన మగవాటిలో ఏటా ఇంత భాగం వేటలో పోతుంది అనుకుని వెనక్కి లెక్క కడతారు. ఇప్పుడు వేటగాళ్ళ ఆలోచన మారి, చిన్న మగవాటిని వదిలేద్దాం అని తమంతట తామే ఒక కట్టుబాటు పెట్టుకున్నారనుకోండి. పడిన మగ జింకలు తగ్గుతాయి, అంచనాలో మంద కూడా తగ్గినట్టు కనిపిస్తుంది, అడవిలో మాత్రం ఏమీ తగ్గలేదు. అంటే వేటగాడి అభిప్రాయం రూలునే కాదు, రూలుకి ఆధారమైన అంకెనే కదిలిస్తుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, సీడబ్ల్యూడీ, అంటే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్, ఒక ఎత్తు. జింక మెదడుని తినేసే జబ్బు, మందు లేదు, ఒకసారి సోకితే చావే. 2002 ఫిబ్రవరిలో, అంతకుముందు నవంబరు సీజన్‌లో మౌంట్ హోరెబ్ దగ్గర పడిన మూడు జింకల్లో ఇది ఉందని తేలింది. మిసిసిపీ నదికి తూర్పున అడవి జింకల్లో అదే మొదటిసారి. డీఎన్‌ఆర్ ఆ ప్రాంతంలో మందని దాదాపు పూర్తిగా తీసేద్దామని నిర్ణయించింది. జీవశాస్త్రం ప్రకారం ఆ మాట అనడానికి కారణాలున్నాయి. కాని అక్కడి పొలాల యజమానులు గేట్లు మూసేశారు, వేటగాళ్ళు తమ చేత్తో తమ మందని తుడిచిపెట్టమంటే కుదరదన్నారు, కొంతమంది మాంసం తినాలంటేనే భయపడి ఆ ఏడు లైసెన్సే కొనలేదు. కొన్నేళ్ళకి ఆ ప్రయత్నం నీరుగారిపోయింది, జబ్బు రాష్ట్రంలో సగానికి పైగా కౌంటీల లెక్కలోకి ఎక్కింది. 2002 చివర్లోనే జబ్బు కనిపించిన పక్క రాష్ట్రం ఇల్లినాయి మాత్రం సీజన్ అయ్యాక ప్రభుత్వ షూటర్లని పంపి చిన్న చిన్న చోట్ల మందని పలచన చేస్తూ వచ్చింది, అక్కడ జబ్బు శాతం విస్కాన్సిన్‌తో పోలిస్తే చాలా తక్కువగా నిలబడింది. ఆ షూటర్లంటే ఇల్లినాయి వేటగాళ్ళకీ పడదు. అయినా పని వాళ్ళ చేతుల మీద పూర్తిగా ఆధారపడలేదు కాబట్టి సాగింది.

ఇక్కడే మిషిగన్ తరహా కొమ్ముల నిబంధన అడ్డం తిరుగుతుంది. సీడబ్ల్యూడీ వయసు ముదిరిన మగ జింకల్లో ఎక్కువ. వేటగాళ్ళ సర్వేలో ఇష్టం వచ్చేది సరిగ్గా మగ జింకల్ని ముదరనివ్వడం. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే. ముచ్చట అని 66 శాతానికి వదిలేసిన విషయం జబ్బు రాగానే ముచ్చటగా ఉండటం మానేస్తుంది, అప్పుడు దాన్ని ఓటుకి పెట్టడం సరైందేనా? నా మటుకు నేను కాదంటాను. ప్రశ్న స్వభావం మారినప్పుడు అడిగే మనిషి కూడా మారాలి.

ఎర్న్ ఎ బక్ పోయాక విస్కాన్సిన్ కూడా ఒక మంచి మార్పు చేసింది, దీనికి రావాల్సినంత పేరు రాలేదు. టెక్సాస్ నుంచి జేమ్స్ క్రోల్ అనే జింకల నిపుణుణ్ణి పిలిపించి సమీక్ష చేయించారు, 2012లో నివేదిక వచ్చింది, 2014 నుంచి కౌంటీ స్థాయిలో జింకల సలహా మండళ్ళు పెట్టారు. వాటిలో వేటగాళ్ళే కాదు, వ్యవసాయం, అటవీ, పర్యాటకం, రవాణా వైపు నుంచి కూడా మనుషులుంటారు. అంతకంటే ముఖ్యం, చదరపు మైలుకి ఇన్ని జింకలు అనే లక్ష్యాన్ని తీసేసి, మంద పెరగాలా, ఉన్నట్టే ఉండాలా, తగ్గాలా అని మాత్రమే అడుగుతున్నారు. చదరపు మైలుకి ఇరవై అంటే కొట్లాట ఖాయం, ఎవరూ లెక్కపెట్టి చూపించలేరు కాబట్టి. 'తగ్గాలి' అంటే మాత్రం యాపిల్ తోట ఉన్న రైతూ చెప్పగలడు, వేటగాడూ చెప్పగలడు, కారు బానెట్ పోగొట్టుకున్నవాడూ చెప్పగలడు.

మన దగ్గర ఈ అడిగే గొడవే లేదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో చేసిన సవరణతో వేట అన్నదే మూతబడింది. అలాగని జింకల సమస్య లేదని కాదు. నారాయణపేట జిల్లాలో కృష్ణా, మాగనూరు, మక్తల్ వైపు కృష్ణజింకల మందలు చేలల్లో పడి మొలకలు తినేస్తున్నాయని రైతులు ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నారు. వాళ్ళు కాపలా కాయగలరు, అర్జీ పెట్టుకోగలరు. మీ చుట్టూ మంద పెరగాలా తగ్గాలా అని వాళ్ళని కూర్చోబెట్టి అడిగే ఏర్పాటు మాత్రం లేదు. వేట తెరవమని నేననట్లేదు, అడగడానికి వేట ఉండాల్సిన పనీ లేదు.

అమెరికాలో ఇప్పుడు సర్వేల దృష్టి ఇంకో వైపు తిరుగుతోంది: వేట మానేసినవాళ్ళ మీద. వేటగాళ్ళ వయసు పైబడుతోంది, కొత్తవాళ్ళు అంతగా రావట్లేదు, లైసెన్స్ డబ్బూ తగ్గుతోంది, ట్రిగ్గర్ నొక్కే చేతులూ తగ్గుతున్నాయి. ఎందుకు మానేశావు అంటే జింకల్లేవనో రూల్సు నచ్చలేదనో చెప్పేవాళ్ళకంటే టైం లేదు, వెళ్ళడానికి చోటు లేదు అనేవాళ్ళు ఎక్కువ. పెన్సిల్వేనియాలో 1963 నుంచీ తుపాకీ సీజన్ థాంక్స్ గివింగ్ తర్వాతి సోమవారం మొదలయ్యేది. ఉద్యోగాలూ కాలేజీలూ ఉన్న కుర్రాళ్ళకి కుదరాలని 2019లో దాన్ని శనివారానికి జరిపారు. పండగ ముగించుకుని ఆదివారం తీరిగ్గా క్యాంపు చేరే అలవాటున్న పెద్దవాళ్ళు, ఆ ఆదివారం బేరం మీద బతికే ఉత్తరాది కొండ ఊళ్ళ హోటళ్ళవాళ్ళు బాగానే మండిపడ్డారు. శనివారం అలాగే ఉండిపోయింది. సోమవారం మాత్రం ఆ రాష్ట్రంలో చాలా స్కూళ్ళకి ఇంకా సెలవే.